తోడి రాగం మీద కూర్చున్న ఇత్తడి

నేను ఒక ఇత్తడి బరువును. అరచేతిలో ఇమిడిపోతాను, కాని ఎత్తి చూసినవాళ్లు రెండో చెయ్యి కూడా వేస్తారు. గ్రామఫోన్ రికార్డు తిరుగుతుంటే దాని నడుమ కూర్చోవడం నా ఉద్యోగం. పాడటం నాకు రాదు. పాడేదాన్ని కదలకుండా పట్టుకోవడం వచ్చు. అదీ ఒక విద్యేనని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

పుట్టింది ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరంలో. నాతోపాటు కరిగిన ఇత్తడిలో కొంత గుడిగంట అయింది. దాని గొప్ప మోగడంలో ఉంది, నా గొప్ప మోగకపోవడంలో. లేత్ మిషన్ మీద నన్ను గుండ్రంగా చెక్కి, పైన పట్టుకోవడానికి గుబ్బ తీసి, అడుగున చిన్న రంధ్రం వేసి, చీరాలలో బట్టల వ్యాపారి శేషగిరికి పంపారు.

శేషగిరి సాయంత్రం దీపం పెట్టాక రికార్డులు వినే మనిషి. బరువు పెడితే పాటకు నిండుదనం వస్తుందని ఆయనకు ఎవరో చెప్పారు. నన్నింకా పెట్టెలోంచి తీయకముందే, గుడి ధర్మకర్త వీరాచారి కళ్లు మూసుకుని, "ఆహా, ఎంత తేడా!" అన్నాడు. మనుషుల చెవులు వాళ్ల నమ్మకం వెనకాలే నడుస్తాయని ఆ రోజే తెలుసుకున్నాను.

మర్నాడు శేషగిరి నన్ను బల్లమీద పెట్టి స్నానానికి వెళ్లాడు. ఆయన తల్లి సుందరమ్మ వచ్చి చూసింది. గుండ్రంగా ఉన్నాను, పైన గుబ్బ ఉంది, మెరుస్తున్నాను. కళ్లకద్దుకుని, పూజగదిలో పీటమీద కూర్చోబెట్టి, విభూతి రేకలు దిద్దింది. తిరిగొచ్చిన కొడుకు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అలా కార్తీకమాసమంతా నాకు అభిషేకాలు జరిగాయి. వస్తువు ఎక్కడ ఆగుతుందో, దేవుడు ఎక్కడ మొదలవుతాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె చేతిలోని భక్తి మాత్రం అబద్ధం కాదు.

ఆ ఊళ్లో దరియా సాహెబు అనే నాదస్వర విద్వాంసుడు ఉన్నాడు. ఆయన వాయించిన తోడి రాగం రికార్డు శేషగిరి ఇంట్లో ఉంది. అందులో తారషడ్జం, అంటే పై 'స' మీద ఊపిరి నిలబెట్టినచోట స్వరం కిందికి వాలేది. "సాహెబు శ్రుతి జారింది" అని వీరాచారితో సహా అందరూ అనేవాళ్లు. ఆయనా ఆ ఇంట్లోనే విని, నిజమేననుకుని, తోడి వాయించడం మానేశాడు. ఈసారి గుడిలో స్వామి కల్యాణానికి వాయించడానికి అసలు రానని కబురు పెట్టాడు. "జారిపోయే ఊపిరి స్వామికెందుకు?" అన్నాడట.

ఆ మాట శేషగిరిని కుదురుగా ఉండనివ్వలేదు. రికార్డు తీసి కంటికి సమంగా పట్టి చూశాడు. నడుమ ఉబ్బి, బోర్లించిన మూకుడులా ఉంది. అంచు ఒక్కటే కింద తిరిగే పళ్లేనికి ఆనుతోంది. నాదం పెరిగినచోట సూది గట్టిగా రాసుకుని రికార్డును వెనక్కి పట్టి లాగుతోందేమో, తిరగడం నెమ్మదించి స్వరం దిగుతోందేమోనని అనుమానం వచ్చింది. నేరుగా పూజగదికి వచ్చాడు.

"అమ్మా, అది లింగం కాదే. రికార్డు మీద పెట్టే బరువు."

"నెల్లాళ్లు అభిషేకం చేయించి ఇప్పుడా చెప్పేది, సన్నాసీ!"

"నువ్వు విభూతి పెట్టేశాక ఎట్టా చెప్పేది?"

సుందరమ్మ నావైపు తిరిగింది. "మరి నేను మొక్కింది ఎవరికిరా?" అని తనను తనే అడిగింది. తర్వాత, "మొక్కు ఎటూ పోదులే. సాహెబుకి పనికొస్తే తీసుకుపో. తడి తుడువు ముందు" అంది.

శేషగిరి పిలిపిస్తే సాహెబు వచ్చాడు, వెనకే వీరాచారీ వచ్చాడు. మొదట నేను లేకుండానే రికార్డు పెట్టారు. షడ్జం వాలింది, సాహెబు తలా వాలింది. అప్పుడు శేషగిరి నన్ను దించాడు. నా కింద ఉబ్బు అణిగింది, రికార్డు పళ్లేన్ని కరుచుకుంది. అంచులు లేచిన రికార్డును నేనేమీ చేయలేను. ఇది మాత్రం నా పనే. తారషడ్జం వచ్చింది. సూది లాగింది. నేను కూర్చున్నాను. ఊపిరి దారం పట్టి కొట్టిన గీతలా నిలిచింది.

"ఇంకోసారి పెట్టు నాయనా" అన్నాడు సాహెబు.

మళ్లీ నిలిచింది.

"జారింది మీరు కాదు సాహెబుగారూ, రికార్డు" అన్నాడు శేషగిరి.

"మీ పళ్లెం మాట నమ్మి నా ఊపిరినే అనుమానించానే!" అని సాహెబు పెద్దగా నవ్వాడు. కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

గుమ్మంలోంచి సుందరమ్మ అంది: "రికార్డుకైతే బరువు పెట్టారు. మన నోళ్ల మీద ఏం పెట్టాలి, వీరాచారీ?"

వీరాచారి పైపంచె సర్దుకున్నాడు.

కల్యాణం నాడు ఇంట్లో అందరూ గుడికి వెళ్లారు. నేను రికార్డు మీదే ఉన్నాను. గుడిలో సాహెబు వాయిస్తున్న తోడి కిటికీలోంచి వినబడింది. తారషడ్జం ఎక్కి నిలబడింది, నిలబడే ఉంది. దాన్ని పట్టుకోవడానికి అక్కడ ఏ బరువూ లేదు. నా జన్మకు ఈ గర్వం చాలు.