పుర్రచేతి సెట్టు

వంటింటి బల్ల మీద రబ్బరు ముక్క పరిచి రెండు కర్రలతో మెల్లగా తడుతున్నాడు నిదానం. జాజ్ వాయించేవాళ్ల మధ్య ఆయనకు మిగిలిన పేరు అదే. ఎంత జోరు పాటైనా డ్రమ్ముల దగ్గర ఆయన కూర్చుంటే తొందరపడేది కాదు. హోటల్ భోజనాల హాల్లో ఓ మూల కూర్చుని, జనం నమలడానికి దరువేస్తూనే ముసలివాడైపోయాడని భార్య వేళాకోళం.

"పొద్దున్నే ఆ బల్లనెందుకండీ చావబాదుతారు? అదేం పాపం చేసింది?"

"మధ్యాహ్నం పుర్రచెయ్యిగాడి సంతాప సభ కదే. చేతులు కాస్త లొంగాలి."

చేతులు లొంగుతూనే ఉన్నాయి. లొంగనిది బుర్ర. ఈమధ్య ఓ రోజు పాట నడుమ తనెక్కడున్నాడో తెలియకుండా పోయింది. ఎదురుగా ఊగుతున్న సింబల్, ఆ ఇత్తడి రేకు, ఎవరో కడిగి ఆరబెట్టిన పళ్లెంలా కనిపించింది. చేతులు వాటి మానాన అవి ఆడి పరువు కాపాడాయి. మొన్న ఇంటికొస్తూ తన వీధి దాటి ఎటో వెళ్లిపోయాడు. భార్యతో అనలేదు. పైకి అంటే నిజమైపోతుందని భయం. ఆ భయాన్ని దిగమింగుకుని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

ఆ ఊరి డ్రమ్మర్లకు ఓ ఆనవాయితీ ఉంది. తమలో ఒకడు పోతే, మిగిలినవాళ్లు అతని డ్రమ్ముల సెట్టు మీదే తలా ఒక పాట వాయించాలి. స్టూలు ఎత్తు మార్చకూడదు. ఒక్క మర కూడా తిప్పకూడదు. పోయినవాడిది పుర్రచేతివాటం. కుడివైపు ఉండాల్సినవన్నీ ఎడమన, ఎడమనున్నవి కుడిన. మామూలువాడెవడు కూర్చున్నా చొక్కా వెనకాముందు తొడుక్కున్నట్టే.

నిదానానికి అదే ధైర్యం. ఇవాళ అందరూ తడబడతారు. గుంపులో గోవిందా అని తన తడబాటూ అందులో కలిసిపోతుంది.

సంగీత వాద్యాల దుకాణం వెనక హాల్లో ముందుగా బస్సు డ్రైవరు కూర్చున్నాడు. పగలు బస్సు, సాయంత్రం డ్రమ్ములు అతనికి. నాలుగు దెబ్బలకే కర్రా కర్రా ఢీకొని ఒకటి ఎగిరి కింద పడింది.

"పోయి కూడా మా ప్రాణాలు తోడుతున్నావు కదరా, పుర్రచెయ్యీ!"

హాలంతా నవ్వింది. ముందు వరసలో పోయినవాడి భార్య కళ్లొత్తుకుంటూనే నవ్వింది.

"ఇక మీ వంతు, బాబాయ్" అంది, హోటల్లో ఆయనతో పియానో వాయించే ఆమె. "మీరు తడబడితే చూడాలని ఎన్నాళ్లనుంచో నా కోరిక."

"చూద్దువుగాని" అన్నాడు. చేతిగడియారం విప్పి పెద్ద డ్రమ్ము మీద పెట్టాడు.

పాట మొదలైంది. ఇప్పుడు తప్పుతుంది, ఇప్పుడు తప్పుతుంది అని ఒళ్లంతా చెవులు చేసుకున్నాడు. తప్పలేదు. పాట కాలవలో నీళ్లలా సాగి, అందరితోపాటు ఒక్కచోటే ఆగింది.

ఎవరూ నవ్వలేదు. చప్పట్లు మోగాయి.

"మా ఆయనే లేచొచ్చారనుకున్నా, అన్నయ్యగారూ" అంది పోయినవాడి భార్య.

పియానో వాయించే ఆమె ఆయన వైపు వంగింది. "ఎడంచేత్తో ఎప్పుడు నేర్చుకున్నారు బాబాయ్? మాటైనా చెప్పలేదే?"

ఎడంచెయ్యేమిటి అనబోయి, డ్రమ్ముల వంక చూశాడు. అప్పుడు కనబడింది, ఏది ఎటువైపు ఉందో. వాయిస్తున్నంతసేపూ ఒక్కసారైనా అది తిరగేసినట్టు అనిపించలేదు. పుట్టిన దగ్గర్నుంచీ తనదైన వైపు ఏదో, చేతులకు కూడా గుర్తులేదు. ఇన్నాళ్లూ కాపాడుతూ వచ్చినవి అవే. చప్పట్లు ఇంకా మోగుతుంటే ఆయన కర్రలు కింద పెట్టేశాడు.

"నేర్చుకోలేదమ్మా. తెలియలేదు."

"ఏం తెలియలేదు?"

"తిరగేసి ఉందని."

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది.

ఆయన లేచి, వెనక వరసలో కూర్చున్న తన భార్య దగ్గరికి వెళ్లాడు. "ఇంటికి పోదాం పద."

"అదేంటి, ఇంకా పాటలున్నాయిగా?"

"ఉండనీ. నా చెయ్యి పట్టుకో."

నలుగురిలో ఆ మాట ఆయన ఎన్నడూ అని ఎరగడు. ఆమె ఆయన మొహంలోకి చూసి చెయ్యి పట్టుకుంది. వాకిట్లో మెట్టు దిగాక, ఆమె ఎటు తిరుగుతుందో చూసి అటు తిరిగాడు. మళ్లీ ఆ హాల్లోకి ఆయన రాలేదు.

లోపల ఇంకొకరు వచ్చి కూర్చోబోతున్నారు. బాస్ గిటారు వాయించే పొడుగాయన తీగ మీటి సరిచూసుకుంటున్నాడు. మీటినప్పుడల్లా పెద్ద డ్రమ్ము తోలు వణుకుతోంది. ఆ డ్రమ్ము మీద, వాయించే ముందు నిదానం విప్పి పెట్టిన చేతిగడియారం కొద్దికొద్దిగా అంచువైపు జరుగుతోంది.