గాలిని లోపల పెట్టి తాళమేస్తే

క్యాంపులు కట్టించిన కంపెనీ పెద్దలారా, మనుషుల్ని రేకు డబ్బాల్లో ఉడికించింది మీరే. ఎడారి మీదకు నెట్టకండి. ఎండ ఎప్పుడూ ఉంది. కిటికీ లేని డబ్బాలు కొన్నది మీరు.

కువైట్ యుద్ధం ఆగిన ఏడాది వేసవి. సౌదీలో యాన్బు ఓడరేవు, అక్కడ మా క్యాంపు ఏసీలు చచ్చి పదిరోజులు. వెల్డర్ రాము మంచం మీదే సొమ్మసిల్లాడు. జగిత్యాల వడ్రంగి రాజేశం అతన్ని భుజాన వేసుకుని పక్క సైటుకు పరుగెత్తాడు. అక్కడ జపాన్ ఇంజనీరు మోరియామా పనివాళ్ల కోసం చెక్క షెడ్డు కట్టాడు. నేల మూరెడు ఎత్తు. చూరు బారెడు బయటికి. సముద్రం వైపు గోడలో బద్దల మధ్య సందులు, ఎదురుగోడకు పైన ఖాళీ. ఏసీ లేదు. అరగంటలో రాము లేచి నీళ్లడిగాడు.

రాజేశం రోజూ అక్కడికే పోయాడు. మోరియామా అతనికి ముందు కొలతలు చెప్పలేదు. గుంజకు గుడ్డపీలిక కట్టి, వారం పాటు గాలి నడక చూడమన్నాడు. చూశాకే రాజేశం చేతుల్లో, పాత సెంట్రింగ్ చెక్కతో మా క్యాంపులోనూ అలాంటి షెడ్డే లేచింది.

ఫోర్‌మన్ మస్తాన్ వలీ నవ్వాడు. "ఏంది రాజేశం, కోళ్లగూడా? ఎగిరిందంటే ముదీరు నీకు ఖురూజ్ కొట్టిచ్చి ఇంటికి పంపుతాడు." ముదీరంటే మా మేనేజరు, ఖురూజ్ అంటే దేశం విడిచి పొమ్మనే ముద్ర.

"ఎగిరితె పోత వలీ అన్నా. నిలవడితె?"

"నిలబడితే నేనూ ఈ గూట్లోనే పడుకుంటా!"

నాలుగోనాడు మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి ఇసుకగాలి లేచింది. పైనున్న ఆ పెద్ద ఖాళీలోంచి ఇసుక సుడి తిరిగి పడుతుందన్న భయంతో వలీ ఎదురుగోడ ఖాళీకి ప్లైవుడ్ కొట్టించేశాడు. సందుల్లోంచి దూరిన గాలికి పోయే దారి లేదు. కప్పు లేవసాగింది. మేకులు కీచుమన్నాయి.

"గాలిని లోపట వెట్టి తాళమేసినవ్ గదనే!" రాజేశం గోడెక్కి సుత్తితో ఒక పలక పీకాడు. రెండోది పీకాడు. మూడోది వలీయే పీకాడు. గాలి సర్రున అవతలికి దూకింది. కప్పు కుదురుకుంది.

గాలి తగ్గాక చూస్తే, రెండు రేకు డబ్బాల కప్పులు రోడ్డు మీద! మా షెడ్డు చెక్కుచెదరలేదు. నలభై మందిమి ఈలలేశాం. వలీ పరుపు చుట్టి తెచ్చాడు.

"కోళ్లగూట్ల జాగ లేదన్నా," అన్నాడు రాము.

"జరగరా, చాల్లే!"

ముదీరు వచ్చాడు. ఖురూజ్ మాటెత్తలేదు. రాజేశానికి చెయ్యి కలిపాడు.

చెయ్యి కాదు, కలప కావాలి. యాన్బు నుంచి రాబిగ్ దాకా ప్రతి క్యాంపులో ఆ డబ్బాలు పీకండి. నేల లేపండి, గోడలు తెరవండి. వచ్చే ఎండల్లోపు కాదు, ఈ వారమే మొదలుపెట్టండి!