మూతపడని నోళ్లు

నేను ఒక చేతి అద్దాన్ని. జాలిపడటం నాకు చేతకాదు. ఎదురుగా ఏది ఉంటే అదే చూపిస్తాను.

ఏదో కార్ఖానాలో గాజుముక్కకు వెనక పూత పూసి, ఎర్ర ప్లాస్టిక్ పిడి తగిలించి నన్ను బయటికి తోశారు. మొదటి కొలువు గుంటూరు కొత్తపేటలో ఒక సెలూన్. క్షవరం అయ్యాక మెడ వెనక ఎలా ఉందో చూపించడం నా పని. ఎంత వంకరగా కత్తిరించినా ప్రతివాడూ తలాడించి "బావుంది" అనేవాడు. మనుషుల చూపు మీద నమ్మకం నాకు అక్కడే పోయింది.

సెలూన్ ఆయన కొత్త అద్దం కొనుక్కున్న రోజు ఫణీంద్ర మాస్టారు నన్ను అడిగి పట్టుకుపోయాడు. ఇనుపసామాన్ల కొట్టు మేడ మీద నర్సులకు జర్మన్ నేర్పేవాడు.

"జర్మన్ అంతా పెదాల్లోనే ఉందమ్మా. అద్దంలో చూసుకుని పలకండి" అంటూ నన్ను క్లాసంతా తిప్పేవాడు. ఒకామె బొట్టు సర్దుకునేది. ఇంకొకామె పళ్లలో ఇరుక్కున్న కరివేపాకు తీసుకునేది. పెదాలు చూసుకున్న పాపాన ఎవరూ పోలేదు.

ఇక ఆయన నేర్పేది వినండి. చేతిని జర్మన్లు 'ఆర్మ్' అంటారు. 'మ్' దగ్గర నోరు మూసి ఊరుకుంటారు. మనవాడికి చివర్న ఒక 'ఉ' తగిలించందే అన్నం అరగదు. "ఆర్ము!" అనేవాడు. గదంతా "ఆర్ము!" అని అరిచేది. గోడమీద బోర్డు మాత్రం 'అచ్చమైన జర్మన్ ఉచ్చారణ'.

ఆ గుంపులో దీవెన అనే నర్సు ఉండేది. జర్మన్ పరీక్షలో ఒకసారి తప్పింది. మాటలన్నీ వచ్చుగానీ పలికేది అర్థం కావడం లేదన్నారు. ఆమెను తీసుకుంటామన్న జర్మనీ ఆసుపత్రి ఇంకొక్క అవకాశమే ఇచ్చింది. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం మరొకరిది.

"గొణుగుతున్నావు, అదే నీ జబ్బు. గట్టిగా అను!" అన్నాడు మాస్టారు.

గట్టిగా అంది. 'ఉ' ఇంకాస్త సాగింది.

దీవెన ఫోన్లో ఒక జర్మన్ నర్సు వీడియో పెట్టి, పక్కనే నన్ను నిలబెట్టి, ఆ నర్సు 'ఆర్మ్' అనగానే తనూ అంది. ఫోన్లో నోరు మూసుకుని ఆగిపోయింది. నాలో నోరు మూసుకుని, మళ్లీ తెరుచుకుని, సున్నా చుట్టింది. దీవెన బిత్తరపోయింది. నేను పోలేదు. ఆ సున్నాలు చూసీ చూసీ విసిగి ఉన్నాను.

తిన్నగా వెళ్లి నన్ను మాస్టారి ముందు పెట్టింది.

"మాస్టారూ, ఒక్కసారి మీరు ఇందులో చూసుకుంటూ అనండి."

"నాకెందుకమ్మా? నేర్పేవాణ్ణి నేను!"

"ఒక్కసారండీ. మీకు దణ్ణం పెడతాను."

"అనండి మాస్టారూ, మేం నవ్వంలెండి" అంది వెనక బెంచీలోంచి ఒక గొంతు. అందరూ నవ్వారు.

ఆయన నన్ను లాక్కుని మొహానికి ఎదురుగా పెట్టుకున్నాడు. "ఆర్ము." పెదాలు సున్నా చుట్టాయి. ఉన్నదున్నట్టు చూపించాను. ఆయన తేరిపార చూశాడు. మీసంలో తెల్లవెంట్రుక కనిపించింది. దాన్ని పీకేసి, "బ్రహ్మాండంగా ఉందిగా!" అన్నాడు.

దీవెన నన్ను తీసుకుని మెట్లమీద కూర్చుంది. 'మ్' రాగానే రెండు వేళ్లతో పెదాలు బిగించి పట్టుకుంది. పరీక్ష దాకా రోజూ అదే పని. చివరికి వేళ్లు అక్కర్లేకుండానే నోరు మూతపడింది. నెగ్గింది. వెళ్లిపోయింది.

ఇప్పుడు బోర్డు కింద ఆమె ఫొటో ఉంది. పెదాలు నొక్కి పట్టుకోవడం మాస్టారు కనిపెట్టిన పద్ధతట. మేకుకు వేలాడుతూ కొత్త బ్యాచిని రోజూ చూస్తున్నాను. ముందు అందరూ గొంతెత్తి "ఆర్ము!" అంటారు. ఆ తర్వాత శ్రద్ధగా, రెండు వేళ్లతో, పెదాలు నొక్కుకుంటారు.