వెనక సీటు కీచురాయి

కొత్త కారు కొన్న పదకొండో రోజున భ్రమరాంబకి దాని వెనకభాగంలో ఎక్కడో కీచురాయి కూసినట్టు వినిపించింది.

పొద్దున ఏడున్నరకి రౌస్ హిల్ నుంచి వెస్ట్‌మీడ్‌లోని తన క్లినిక్కుకి వెళుతోంది. విండ్సర్ రోడ్డు మీద పనులు జరుగుతున్న చోట బండి గతుకుల్లో పడగానే కీచ్, కీచ్ అని రెండుసార్లు వినిపించి ఆగిపోయింది. అక్కడ జూన్ అంటే చలికాలం, అద్దాలన్నీ మూసే ఉన్నాయి. పురుగేదో లోపల చిక్కుకుందనుకుని, క్లినిక్కు చేరాక తలుపులన్నీ తెరిచి సీట్ల కిందా మ్యాట్ల కిందా వెతికింది. కొత్త ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ లేదు.

ఆమె పని వినికిడి పరీక్షలు చేయడం. చెవిలో హోరు ఉందనీ ఈల ఉందనీ వచ్చేవాళ్లని కూర్చోబెట్టి, ఎప్పుడు వస్తుంది, ఏ పక్క వస్తుంది, పడుకుంటే తగ్గుతుందా అని ఓపిగ్గా అడగడం పదేళ్లుగా అలవాటు. అందుకే కారు కూత ఆమెకి విసుగు తెప్పించలేదు, ఆసక్తి కలిగించింది. ఫోన్‌లో ఒక పేజీ తెరిచి రోజూ రాయసాగింది: చలి ఎంత ఉంది, రోడ్డు ఎలా ఉంది, హీటరు వేసిందా లేదా, ఎన్ని కూతలు.

భర్త దాసుకి చెబితే నవ్వాడు. అతనిది బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం; వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని. శనివారాలు కారు అతనే నడుపుతాడు. తను నడిపినప్పుడు ఏ శబ్దమూ రావడం లేదన్నాడు.

"నీ పేరులోనే భ్రమ ఉంది కదా. చెవుల్లోకి కూడా దిగినట్టుంది."

ఆమె కూడా నవ్వేసింది. కానీ ఆ శనివారమే, కూరగాయలకి బయల్దేరి వీధి చివర హంప్ ఎక్కి దిగేసరికి కారు మళ్లీ కూసింది. అదిగో అంది. దాసు రేడియో తగ్గించి, తల పక్కకి వంచి, ఏదీ అన్నాడు. అప్పటికే ఆగిపోయింది. మరీ చిన్న కూత కాబట్టి అందుకోలేకపోయాడని సరిపెట్టుకుంది.

మరో వారం చూసి, కారు కొన్న చోటే సర్వీసుకి తీసుకెళ్లింది. అరవైకి దగ్గర పడుతున్న మెకానిక్ ఒకాయన ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని పావుగంటసేపు తిప్పాడు. కారు రెండుసార్లు కూసింది. రెండుసార్లూ ఆమె చేత్తో వెనక్కి చూపించింది. రెండుసార్లూ ఆయన మర్యాదగా తల ఊపి, తనకేమీ వినపడలేదన్నాడు. కింద చక్రాలూ స్ప్రింగులూ అన్నీ చూసి, శబ్దం తమకి దొరకలేదని కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆ కాగితం పట్టుకుని బయటికి వస్తుంటే, లోపమేమీ కనిపించలేదని చెప్పి తను పంపించేసిన మనుషులు కొందరు ఆమెకి గుర్తొచ్చారు. వాళ్లకి కూడా ఇలాగే ఉండేదేమో.

ఫోన్‌లో రికార్డు చేసి చూసింది. రోడ్డు హోరు తప్ప ఏమీ పడలేదు. కూత ఎక్కడ పుడుతోందో తెలిస్తే ఫోన్ దాని పక్కనే పెట్టొచ్చు. అదే తెలియడం లేదు.

నాలుగు వారాల రాతలు ఒకచోట చదివినప్పుడు ఒక సంగతి బయటపడింది. మంగళవారం, గురువారం కారు ఒక్కసారి కూడా కూయలేదు. ముందు పెట్రోలు అనుకుంది, తర్వాత వాన అనుకుంది. రెండూ కుదరలేదు. ఆ రెండు రోజుల్లో ప్రత్యేకం ఏముందా అని ఆలోచిస్తే జవాబు చాలా మామూలుగా వచ్చింది. మంగళ, గురువారాల్లో ఆమె వృద్ధాశ్రమాలకి వెళ్లి అక్కడివాళ్ల చెవులు పరీక్షిస్తుంది. అందుకు కావలసిన యంత్రం ఉన్న పెట్టెని వెనక సీటులో ఎడమపక్క పెట్టి, కదలకుండా బెల్టు బిగిస్తుంది. అంటే ఆ పెట్టె బరువేదో కూతని నొక్కి పట్టేస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం దాసుని కారు నడపమని అడిగింది. తను వెనక కూర్చుని వింటానంది. మ్యాచ్ వస్తోందని కాసేపు గొణిగి, చివరికి తాళాలు తీసుకున్నాడు. షాపింగ్ సెంటర్ వెనక ఇటుకలు పరిచిన సందు ఒకటి ఉంది. ఆదివారం అక్కడ బళ్లు తిరగవు. రేడియో ఆపించి, ఆ సందులో మెల్లగా పోనిమ్మంది.

మొదట ఎడమపక్క కూర్చుంది. చప్పుడు లేదు. కుడిపక్కకి జరిగి బెల్టు పెట్టుకుంది. కారు పది గజాలు కదిలిందో లేదో, ఖాళీ అయిన ఎడమపక్క నుంచి కీచ్ కీచ్ కీచ్ మని వరసగా మొదలైంది. చెయ్యి చాపి ఎడమ సీటు వీపుని గట్టిగా నొక్కింది. ఆగిపోయింది. వదిలింది. మళ్లీ మొదలైంది. సీటు పైఅంచున, దాన్ని కారు గోడకి పట్టి ఉంచే ఇనప కొక్కెం ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా ఆ కొక్కెం తన కడ్డీ మీద వెంట్రుకవాసి కదిలి రాసుకుంటోంది. అంతే. ఫోన్ తీసి కొక్కెం పక్కనే పెట్టి రికార్డు చేసింది.

"దొరికింది, దొరికింది. విన్నారా?" అంది.

"ఇప్పుడు వస్తోందా?" అన్నాడు దాసు, ముందుకే చూస్తూ.

కూత ఆగకుండా వస్తూనే ఉంది. రేడియో లేదు, పక్కన బళ్లు లేవు. కారుని ఓ పక్కగా ఆపమంది. ముందు సీట్లోకి వచ్చి కూర్చుని, ఫోన్ శబ్దం పూర్తిగా పెంచి రికార్డు వేసి అతనికి వినిపించింది. ఆమెకే చెవులు గింగురుమన్నాయి.

దాసు ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఇటుకల మీద టైర్ల చప్పుడు వస్తోంది."

"ఇంకేమైనా?"

"ఇంకేముంది?"

నెలరోజులుగా తను చెప్పింది కొట్టిపారేస్తున్నాడని లోలోపల కాస్త నొచ్చుకుంటూనే ఉంది. కొట్టిపారేయడం కాదది. అతనికి నిజంగానే వినపడలేదు. మైక్రోవేవ్ కూతపెట్టినా లేవకపోవడం, వంటింట్లోంచి పిలిస్తే ఒకటికి రెండుసార్లు ఏంటి అనడం, తన మాటలు పరధ్యానంగా వింటాడని తను సణగడం, అన్నీ ఒక్కసారిగా వేరే వరసలో కనిపించాయి. పదేళ్లలో వేలమంది చెవులు చూసింది. ఇంట్లో మనిషి చెవులు ఒక్కసారీ చూడలేదు.

మెల్లగా అడిగింది, ఎప్పుడైనా బాగా చప్పుడున్న చోట పనిచేశారా అని. అతను కాసేపు ఆలోచించి చెప్పాడు. మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో, ఆ ఊరి శివార్లలోని కేరమ్ డౌన్స్‌లో ఒక చెక్క కోసే షెడ్డులో మూడేళ్లు పార్ట్‌టైమ్ చేశాడు. ఒకసారి అక్కడి గుడికి వెళ్లినప్పుడు ఆమెకి ఆ వీధి దూరం నుంచి చూపించాడు కూడా. రంపం పక్కనే నిలబడేవాడు. చప్పుడు తగలకుండా చెవులకి పెట్టుకునేవి ఇచ్చారు కానీ, సూపర్‌వైజర్ పిలిస్తే వినపడదని మెడలో వేసుకుని తిరిగేవాడు.

"ఇంటికెళ్లాక చెవులు గంటసేపు గుయ్‌మనేవి. పొద్దున్నే లేస్తే నార్మల్ అయిపోయేది" అన్నాడు.

మర్నాడు హార్డ్‌వేర్ షాపులో మెత్తటి గుడ్డ టేపు కొని ఆ కడ్డీకి రెండు చుట్లు చుట్టింది. కూత పోయింది. మామూలుగా అయితే ఆ రోజుకి అదే పెద్ద విజయం. కానీ ఆమె మనసంతా శనివారం దాసుకి చేయించబోయే పరీక్ష మీదే ఉంది.

సొంతమనిషిని తనే పరీక్షిస్తే చెయ్యి నిలవదని, తనతో పనిచేసే ఆండాళ్‌ని అడిగింది. శనివారం క్లినిక్కులో దాసుని శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చారు. శబ్దం ఎంత చిన్నగా వినిపించినా నొక్కాలి. భ్రమరాంబ గాజు ఇవతల ఆండాళ్ పక్కన కూర్చుంది. లోపలికి వెళుతున్న ప్రతి శబ్దమూ ఇక్కడ స్పీకర్లో వినిపిస్తుంది.

మొదట్లో చకచకా నొక్కాడు. శబ్దం సన్నబడి పైకి వెళ్లేకొద్దీ వేలు ఆలస్యం చేసింది. ఒక చోట ఆగిపోయింది. ఆండాళ్ కొంచెం పెంచింది. భ్రమరాంబకి స్పష్టంగా వినిపిస్తోంది. ఇంకొంచెం పెంచింది. దాసు బటన్ మీద వేలు పెట్టుకుని, బుద్ధిగా, ఎదురుగా గోడకేసి చూస్తున్నాడు. పరీక్ష బాగా రాస్తున్నానన్న నమ్మకం అతని ముఖంలో ఉంది. ఆమె కళ్లు తుడుచుకుంది. ఆండాళ్ చూడనట్టే ఉండి, ఇంకో మెట్టు పెంచింది. అప్పుడు నొక్కాడు.

తర్వాత అతనికి గ్రాఫు చూపించారు. రెండు చెవుల గీతలూ కొంతదూరం సాఫీగా నడిచి, ఒక్కచోట నిలువునా కిందికి పడిపోయాయి. దాసు ఆ పడిన చోటు మీద వేలు పెట్టి, అక్కడ ఏయే శబ్దాలు ఉంటాయని అడిగాడు. పిట్టల కూతలు, సన్నటి అలారాలు, మాటల్లో స, శ, ట అని ఆండాళ్ చెప్పింది.

"మీటింగుల్లో అందరూ నసిగి మాట్లాడుతున్నారనుకునేవాణ్ణి. ఈ దేశం యాసే అంత అనుకున్నా" అన్నాడు దాసు.

భ్రమరాంబ అతని చెయ్యి పట్టుకుని, ఇన్నాళ్లూ తను గమనించకపోయినందుకు క్షమించమంది. అతను తల అడ్డంగా ఊపి, ఇంకో ప్రశ్న వేశాడు. ఇది పెరుగుతుందా? చప్పుడుకి దూరంగా ఉంటే అంతగా పెరగదంది. పోయింది మాత్రం తిరిగి రాదు. చెవి వెనక పెట్టుకునే చిన్న మిషన్లు బాగా సాయం చేస్తాయి. సరే, కొలతలు తీసుకోండి అన్నాడు. అంత తేలికగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

ఇంటికి వచ్చాక కాఫీ కప్పు పట్టుకుని బాల్కనీలో నిలబడి అతను స్పీకర్ పెట్టి ఎవరికో ఫోన్ చేశాడు. వెంకట్ అని, ఆ షెడ్డులో రంపానికి అవతలి పక్క నిలబడిన స్నేహితుడు. ఇప్పటికీ మెల్‌బోర్న్‌లోనే ఉన్నాడు. పలకరింపులయ్యాక దాసు సంగతంతా చెప్పాడు. అవతల వెంకట్ నవ్వుతూ, తనకేమీ లేదంటున్నాడు. వెనక నుంచి ఒక ఆడగొంతు మాత్రం గట్టిగానే వినిపించింది.

"ఏమీ లేకపోతే టీవీ అంత సౌండ్ ఎందుకు పెడతారో అడగండి అన్నయ్యా."

భ్రమరాంబ గదిలోకి వెళ్లి కాగితం, పెన్ను తెచ్చుకుంది. దాసు దగ్గర్నుంచి ఫోన్ అందుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వెంకట్ గారూ, నేను భ్రమరాంబని. ముందు ఒక్కటి చెప్పండి. ఫోన్ మీరు ఎప్పుడూ ఏ చెవికి పెట్టుకుంటారు?"