ఆవు మీద పెట్టి అన్న మాటలు

అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఇంటి మధ్య గోడ లేచింది. గిన్నెలు, మంచాలు, ఆఖరికి బట్టలారేసుకునే తీగ కూడా రెండు ముక్కలయ్యాయి. ఆవును కోయలేరు గనక అదొక్కటే ఉమ్మడిగా మిగిలింది. దాని పని పొద్దున పెద్దకోడలు, సాయంత్రం చిన్నకోడలు చూడాలని ఒప్పందం. పొద్దుటి పని పెద్దకోడలు చేసేది. సాయంత్రం పని కూడా చాలావరకు ఆమే చేసేది, ఎందుకంటే చిన్నకోడలికి సరిగ్గా ఆ వేళకే నడుం పట్టేసేది. టీవీలో సీరియల్ మొదలయ్యేసరికి దానంతటదే వదిలేసేది.

ఇద్దరికీ మాటల్లేక మూడు నెలలైంది. ఎవరిదో పెళ్ళిలో పెద్దకోడలు నలుగురి మధ్యా కూర్చుని, "మా తోడికోడలివి బంగారం లాంటి చేతులు. వాడితే అరిగిపోతాయని దాచుకుంటుంది" అందట. మోసుకొచ్చినవాళ్ళు ఆ మాటకు కాస్త ఉప్పూకారం కూడా దట్టించి తెచ్చారు. చిన్నకోడలికి అన్నిటికంటే మండిన సంగతి, అది అబద్ధం కాకపోవడం. అబద్ధమైతే నాలుగు దులిపేసి ఊరుకునేది.

అలా ఉండగా ఒక ఉదయం ఆవు ఈనింది. తొలిచూలు. పెయ్యదూడ. తడి ఆరీ ఆరకముందే తూలుతూ లేచి తల్లి పొదుగు దగ్గరికి వెళ్ళింది. పొదుగు వాచి రాయిలా బిగిసి ఉంది. దూడ మూతి తగలగానే ఆవు కాలు విసిరింది. దూడ పల్టీ కొట్టి, మళ్ళీ లేచి, ఈసారి గోడను చీకింది. తర్వాత పాక గుంజను చీకింది. పాలున్న చోటు తప్ప అన్నీ చీకింది.

పెద్దకోడలు ఒక్కతే చాలాసేపు తంటాలు పడింది. చివరికి పెరట్లోకి వచ్చి, మధ్యగోడ వైపు తిరిగి, "ముర్రుపాలు కడుపులో పడకపోతే ఈ దూడ దక్కదు. ఈ కొంపలో మనుషులున్నారో లేరో!" అని గాలితో చెప్పింది.

చిన్నకోడలు జడ ముడేసుకుంటూ వచ్చింది. దూడ పోతే సగం నింద తన నెత్తిన పడుతుందని భయం కొంత. దూడను చూడాలని ఆశ కొంత.

మగవాళ్ళిద్దరూ పాక గుమ్మం దాకా వచ్చారు. అన్న ఫోను చెవికి ఆనించుకుని పశువుల డాక్టరు కోసం "హలో, హలో" అంటున్నాడు. తమ్ముడు మాత్రం సలహాలకు దిగాడు.

"ఎడమవైపు నుంచి వెళ్ళండి వదినా. మీ ఎడమ కాదు, ఆవు ఎడమ."

"లోపలికొచ్చి చూపించు మరిదీ, నేర్చుకుంటాను" అంది పెద్దకోడలు.

అతనికి బండిలో గాలి కొట్టించాలన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. సిగ్నల్ దొరకడం లేదంటూ అన్న కూడా అదే బండెక్కాడు.

పెద్దకోడలు ఆవు తలను గుంజకు దగ్గరగా కట్టి పొదుగు పక్కన కూర్చుంది. నాలుగు ధారలు పిండితే బిగువు తగ్గుతుందని ఆమె ఆలోచన. చిన్నకోడలు దూడను ఒడిసి పట్టుకుంది.

"మహారాణీ, తల్లివయ్యావు. ఇంకా ఒళ్ళు దాచుకుంటానంటే కుదరదే" అంది పెద్దకోడలు, ఆవుతో.

చిన్నకోడలు దూడ చెవి దగ్గరికి వంగింది. "నోరుంది కదా అని ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదమ్మా బుజ్జీ. పెళ్ళిళ్ళలో అసలే పెట్టకూడదు."

పెద్దకోడలి చెయ్యి ఆగింది. "చెప్పుడు మాటలు విని కాళ్ళు విసిరేవాళ్ళు బాగుపడరే, మహారాణీ."

"విన్నావా బుజ్జీ? అన్నవాళ్ళది తప్పు కాదట. విన్నవాళ్ళదట."

ఆవుకు ఈ రాయబారాలు నచ్చలేదో, పొదుగు సలిపిందో, ఈడ్చి తన్నింది. దెబ్బ తొడ మీద పడి పెద్దకోడలు పేడలో కూలబడింది.

"అయ్యో అక్కా!" అని నోరు జారి, చిన్నకోడలు వెంటనే నాలిక్కరుచుకుంది.

పెద్దకోడలు లేచి చేతులు కడుక్కుని మళ్ళీ పట్టుకోబోయింది. ఆవు మళ్ళీ ఎగిరింది. గడ్డి కోసి, అంట్లు తోమి బీటలు వారిన అరచేతులవి. ఆ గరుకు తగిలితే వాచిన చన్నులు భగ్గుమంటున్నాయి. ఆమె తన అరచేతుల వంక చూసుకుంది. తర్వాత దూడ మెడ చుట్టూ ఉన్న చేతుల వంక చూసింది.

"నువ్వు పట్టుకుని చూడు."

"నేనా?"

"మెత్తగా ఉన్నాయిగా. దేనికోసం దాచావో ఇవాళ తెలిసింది."

అది తిట్టో బతిమాలడమో తేల్చుకునే తీరిక లేదు. దూడ తల వాలిపోతోంది. చిన్నకోడలు వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి, పొదుగుకు అద్దుతూ కూర్చుంది. పెద్దకోడలు రెండు చేతులా ఆవు తోకను మొదట్లో పట్టి నిటారుగా ఎత్తింది. అలా ఎత్తి పడితే ఆవు తన్నలేదు.

"భయపడకు. నేను వదల్ను."

మూడు నెలలుగా మాటల్లేని మనిషి చేతిలో తోక. ఆవు కాలికి జానెడు దూరంలో తన పళ్ళు. చిన్నకోడలు కళ్ళు మూసుకుని చన్ను పిండింది. పెద్దకోడలు తోక వదల్లేదు.

చిక్కటి పసుప్పచ్చ ధార ఒకటి వచ్చింది. చిన్నకోడలు ఆ పాలలో వేళ్ళు తడిపి దూడ నోట్లో పెట్టింది. గరుకు నాలుక వేళ్ళను చుట్టేసింది. అలాగే మెల్లగా దాన్ని పొదుగు దాకా నడిపించి, చన్ను నోటికందించి వేళ్ళు లాగేసింది. దూడ తప్పిపోయి ఆమె గాజుల్ని చీకింది. మళ్ళీ అందించింది. ఈసారి కొంగు చీకింది. ఇంకోసారి అందించింది.

దొరికింది. గుటక. ఇంకో గుటక. బుల్లి తోక టపటపా కొట్టుకుంది. ఆవు ఒళ్ళు ఒకసారి జలదరించి, తర్వాత సడలి, పాలు చేపింది. దూడ మూతి నిండా నురగ. చిన్నకోడలు పేడలో మోకాళ్ళ మీద ఉన్నానన్న సంగతే మరిచి, కళ్ళు తుడుచుకుంది.

అప్పుడొచ్చారు అన్నదమ్ములు, పాలపీక ఉన్న సీసా పట్టుకుని. "డాక్టరు దొరికాడు. దీంతో పట్టమన్నాడు."

"మీరిద్దరూ తాగండి" అంది పెద్దకోడలు.

మర్నాడు తెల్లవారకుండానే చిన్నకోడలి తలుపు చప్పుడైంది. "చెల్లీ, లేమ్మా. ఆవు నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. నీ చెయ్యి పడితే గానీ చేపదట."

తిడితే నడుం నొప్పి అనవచ్చు. పొగిడితే ఏమనాలో చిన్నకోడలికి తోచలేదు. లేచింది. సాయంత్రమూ అంతే. పాలకేంద్రం దగ్గర ఆడవాళ్ళు, "ఆ చేతిలో ఏముందో గానీ, ఆవు ఇంకెవరికీ లొంగదట" అని చెప్పుకోసాగారు. అంతా పెద్దకోడలి ప్రచారమే. ఈసారి మోసుకొచ్చినవాళ్ళు పంచదార కలిపి తెచ్చారు. అది విన్న సాయంత్రం చిన్నకోడలు ఇంకో చెంబెడు పాలు ఎక్కువే పిండింది.

ఒకరోజు కాస్త ముందుగా వెళ్ళి పాక తడిక సందులోంచి చూసింది. పెద్దకోడలు ఆవు పక్కన చతికిలబడి, తీరిగ్గా పొదుగు నిమురుతోంది. ఆవు కళ్ళు మూసుకుని నెమరేస్తోంది. తన్నడం మాట అటుంచి, తోక కూడా కదపడం లేదు.

చిన్నకోడలికి ఒళ్ళు మండింది. నిలదీయడానికి నోరు తెరిచింది కూడా. కానీ నిలదీస్తే బిందె చేతులు మారుతుంది, దాంతోపాటు పేరూ మారుతుంది. రేపు పాలకేంద్రం దగ్గర తన గురించి చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

నాలుగడుగులు వెనక్కి వేసి గట్టిగా దగ్గింది. బిందె చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్ళింది. పెద్దకోడలు అప్పటికే మూలకు చేరి తొడ పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మో, ఇప్పుడే తన్నబోయింది చెల్లీ."

"మీరు దూరంగా ఉండండక్కా," అంది చిన్నకోడలు, కొంగు బిగిస్తూ, "దాని సంగతి నాకు తెలుసు."