నేనే తొడుక్కుంటా

చలికాలం పొద్దున అయిదుంపావుకి మార్నీ హాల్వర్‌సన్ ఇంట్లోంచి బయటికి వచ్చే తీరు చూస్తే, ఈ తల్లి ఎంత అదృష్టవంతురాలో అనిపిస్తుంది ఎవరికైనా. భుజం మీద రెండున్నరేళ్ల కూతురు ఓపల్ ఉంటుంది. పిల్ల ఒంటి మీద కోటు, మంచు ప్యాంటు, బూట్లు, టోపీ, చేతి తొడుగులు, అన్నీ ఎక్కడివక్కడ అమర్చినట్టు ఉంటాయి. ఏడుపు లేదు, పేచీ లేదు. కారు సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టబోతే పిల్ల తనంతట తనే రెండు చేతులూ పైకెత్తి ఉంచుతుంది.

పక్కింటి ముసలాయన గుమ్మం ముందు మంచు ఎత్తిపోసుకుంటూ ఓరోజు ఆగి చూశాడు. "మా మనవడికి ఒక్క బూటు తొడగాలంటే ఇల్లు పీకి పందిరేస్తాడమ్మా. నీ కూతురు బంగారం," అన్నాడు.

"ఈమధ్యే బుద్ధొచ్చిందండీ దీనికి," అంది మార్నీ నవ్వుతూ. కారు ఎక్కి కొండ దిగి వెళ్లిపోయింది.

బుద్ధొచ్చింది! చదివేవారు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలని నా మనవి. నేనూ అన్నాను ఈ మాట, మీరూ అనే ఉంటారు. ఎంత సంతోషంగా అంటామో, అంత గుడ్డిగానూ అంటాం.

అక్టోబరు దాకా ఓపల్ ఇలా ఉండేది కాదు. అమ్మ అన్నాక దాని నోట గట్టిగా పలికిన రెండో మాట "నేనే". మెట్లెక్కడం నేనే, లైటు వెయ్యడం నేనే, పాలగిన్నెలో చెంచా తిప్పడం నేనే. ఒకరోజు తల్లి తొందరలో అరటిపండు ఒలిచి చేతికిచ్చిందని, ఆ తొక్క మళ్లీ అంటించమని వంటగది నేల మీద పడి దొర్లింది. ఒలిచిన తొక్క ఎలా అంటించాలో ఆ తల్లికి తెలియదు. ఆ సంగతి వినిపించుకునే ఓపిక ఆ పిల్లకి లేదు. అరగంట సాగింది ఆ యుద్ధం.

తండ్రి కోరీ, అమెరికా ఉత్తరాన ఉన్న సుపీరియర్ సరస్సు మీద ఇనపరాయి మోసే ఓడలో పనివాడు. జనవరిలో నీళ్లు గడ్డకట్టి ఓడలు ఆగితే గానీ ఇంటికి రాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరూ మొండివాళ్లే. సరదాగా ఉండాల్సిన ఇల్లే అది, గోడ మీద గడియారం లేకపోతే.

మార్నీ ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో మడత బల్ల దగ్గర పనిచేస్తుంది. పని ఆరింటికి మొదలు. ఆరు దాటి ఒక్క నిమిషమైనా సరే, పేరు పక్కన అర మార్కు పడుతుంది. ఆరు మార్కులు పడితే ఇక రానక్కర్లేదు. అక్టోబరు చివరికి మార్నీకి నాలుగున్నర పడ్డాయి. అందులో చాలావరకు ఓపల్ బూట్ల పుణ్యమే. కుడిది ఎడమకాలికి, ఎడమది కుడికాలికి తొడుక్కుని, విప్పుకుని, మళ్లీ తొడుక్కుని, తల్లి చెయ్యి వేస్తే విరుచుకుపడేది.

"పిచ్చిమొహమా, మెలకువగా ఉన్న పిల్లకి ఎవరైనా బట్టలు తొడుగుతారా?" అంది బల్లకి అటువైపు పనిచేసే రెనే. వయసు నలభై దాటింది, ముగ్గురు పిల్లల తల్లి. "రేపటి బట్టలు, మేజోళ్లతో సహా, ఈ సాయంత్రమే తొడిగి పడుకోబెట్టెయ్. పొద్దున నిద్రలోనే కోటూ బూట్లూ ఎక్కించెయ్. ఈ బల్ల దగ్గర అందరం అలాగే పెంచాం. నావాళ్లు ముగ్గురూ అలాగే పెరిగారు. ఏం, చచ్చారా?"

ఆ మాట మార్నీకి దేవుడు చెప్పినట్టే అనిపించింది. మొదటి వారం బ్రహ్మాండంగా నడిచింది. రెండో వారంలో ఓరోజు, కోటు తొడుగుతుంటే ఓపల్‌కి మెలకువ వచ్చేసింది. "నేనే! నేనే!" అని కాళ్లతో తన్నింది. టైము అయిదూ పద్దెనిమిది. మార్నీ మోకాలు అడ్డంపెట్టి పిల్ల కాళ్లు నొక్కిపట్టింది, ఒక చేత్తో రెండు చేతులూ బిగించింది, రెండో చేత్తో జిప్పు పైకి లాగింది. గడ్డం కింద చర్మం జిప్పులో పడింది. బియ్యపు గింజంత గాయమైంది. దారి పొడుగునా పిల్ల ఏడ్చింది, తల్లీ ఏడ్చింది. ఆరుకి రెండు నిమిషాల ముందే పనిలోకి చేరింది.

ఆ మర్నాడు మళ్లీ మెలకువ వచ్చింది ఓపల్‌కి. కానీ తన్నలేదు. పడుకున్న చోటే రెండు చేతులూ చాపింది. ఆ తర్వాతి రోజూ అంతే. మార్నీ దాని నుదురు ముద్దుపెట్టుకుని, "మా అమ్మే! ఎంత పెద్దదానివైపోయావే!" అని మురిసిపోయింది.

ఓపల్‌ని పగలంతా చూసుకునేది ఆర్లిస్. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ముప్పై ఏళ్ల పైనుంచి తన ఇంట్లోనే అయిదారుగురు పసివాళ్లని పెట్టుకుని చూస్తోంది. మంచులో ఆడుకోవడానికి బయల్దేరేటప్పుడు ఆర్లిస్ ఎవరికీ కోటు తొడగదు. ప్రతివాడూ తన కోటు నేల మీద పరుచుకోవాలి, కోటుకి కుట్టిన టోపీ తన కాళ్ల దగ్గరకి రావాలి. వంగి కోటు చేతుల్లో తన చేతులు దూర్చి, ఒక్క ఊపున తల మీదుగా వెనక్కి వేసుకోవాలి. ఆ ఊరి పిల్లలందరూ మూడేళ్లు నిండేలోపు ఇలాగే నేర్చుకుంటారు. మొదటిసారి కోటు సరిగ్గా పడ్డ రోజున ఆర్లిస్ ఆ పిల్లని వాకిట్లోకి అందరికంటే ముందు నడిపిస్తుంది. పసివాళ్లకి అది పట్టాభిషేకమే!

నవంబరులో ఓపల్ కంటే ఆరు నెలలు చిన్నవాడైన లైఫ్ అనే పిల్లవాడు కోటు తిప్పేసుకున్నాడు. ఓపల్ మాత్రం పరిచిన కోటు పక్కన చేతులు చాపి నిలబడి ఉంది. ఎవరో వచ్చి తొడిగేదాకా నిలబడే ఉంది.

"మార్నీ, ఓపల్ 'నేనే' అనడం మానేసింది, గమనించావా?" అంది ఆర్లిస్ ఆ సాయంత్రం.

"హమ్మయ్య! ఇప్పటికైనా మానేసింది."

"హమ్మయ్య కాదే అమ్మాయ్. నాకెందుకో బాగా లేదు."

"మీకేమండీ ఆర్లిస్, మీ ఇంట్లో గడియారం మీ మాట వింటుంది," అని నవ్వేసి, మార్నీ పిల్లని ఎత్తుకుని వెళ్లిపోయింది. అప్పుడు ఇంకో నిమిషం ఆగి ఉంటే ఎంత బాగుండేది!

డిసెంబరులో ఒక గురువారం. మధ్యాహ్నం నిద్ర లేచాక ఓపల్ నడక తేడాగా ఉందని ఆర్లిస్‌కి అనిపించింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎడమకాలి మేజోడు లాగింది. మడమ దగ్గర మేజోడు చర్మానికి అంటుకుపోయి ఉంది. లోపల జుట్టుకి పెట్టుకునే చిన్న క్లిప్పు ఉంది, దాని ఊడిన పన్ను చర్మంలో దిగి ఉంది. ముందు రోజు సాయంత్రం బట్టల బుట్టలో పడి మేజోట్లో దూరింది కాబోలు, మార్నీ చూసుకోకుండా అలాగే తొడిగేసింది. అంటే ఆ పిల్ల రాత్రంతా దాంతోనే పడుకుంది, పొద్దంతా దాంతోనే నడిచింది. అబ్బా అనలేదు.

సాయంత్రం మార్నీ వచ్చేసరికి ఓపల్ మడమకి కట్టు ఉంది. ఆర్లిస్ రక్తం ఎండిన మేజోడు, క్లిప్పు బల్ల మీద పెట్టింది.

తొడగడానికి పిల్ల బూటు అందుకున్న మార్నీ వాటిని చూసింది. బూటు చేత్తో పట్టుకునే పిల్ల ముందు కూలబడింది. "తల్లీ, నొప్పి పుడితే అమ్మకి చెప్పాలిగా? ఆర్లిస్‌కైనా చెప్పాలిగా, బంగారం? ఎందుకు చెప్పలేదే?"

ఓపల్ తల్లి ముఖం చూసింది. తల్లి చేతిలోని బూటు చూసింది. చూసి, ఆ కట్టు కట్టిన కాలే ముందుకు చాపింది, తొడగమని.

మార్నీ బావురుమంది. ఆర్లిస్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఏడుపు తగ్గేదాకా ఆగింది.

"విను మార్నీ. దీనికి బుద్ధి రాలేదు. వద్దన్నా ఎవరూ వినరని మాత్రం తెలుసుకుంది. రెండున్నరేళ్ల పిల్లకి 'వద్దు' అనే మాటా, 'నొప్పి' అనే మాటా వేరు కావు. రెండూ ఒకే గొంతులోంచి రావాలి. ఒకటి నొక్కేస్తే రెండోది ఎక్కడినుంచి వస్తుంది?"

"ఇంకో మూడుసార్లు ఆలస్యమైతే నా ఉద్యోగం పోతుందండీ," అంది మార్నీ కోపంగానే. "కోరీ ఎక్కడో నీళ్ల మీద ఉన్నాడు. మీరు చెప్పేది వినడానికి బాగానే ఉంటుంది."

"తప్పంతా నీది అనట్లేదు. సగం నీది, సగం ఆ మార్కులు పెట్టినవాళ్లది. కానీ వాళ్ల సగం వాళ్ల కాలికి గుచ్చుకోలేదే అమ్మాయ్, దీని కాలికి గుచ్చుకుంది."

ఆ సాయంత్రం ఓపల్‌ని రాత్రి బట్టల్లోనే పడుకోబెట్టింది మార్నీ. తెల్లవారకముందే, మామూలు కంటే ముప్పావుగంట ముందు లేపి, కోటు నేల మీద పరిచింది. ఓపల్ చేతులు చాపి నిలబడింది. మార్నీ పక్కనే చతికిలబడి, "నువ్వు తొడుక్కుంటావా? అమ్మ తొడగనా?" అని అడిగింది. జవాబు లేదు. చివరికి టైమైపోయి, "తొడుగుతున్నానమ్మా," అని చెప్పి మరీ తొడిగింది. రెండో రోజూ అంతే. అయిదో రోజూ అంతే. విరగ్గొట్టడానికి ఒక్క పొద్దు చాలింది గానీ, అతకడానికి ఎన్ని పొద్దులు కావాలో ఎవరు చెప్తారు? పోయిన ఆ మొండిపిల్ల కోసం ఆ తల్లి ఎంత తపించిందో! అరటిపండు తొక్క కోసం నేల మీద దొర్లినా చాలు అనుకుంది.

పదకొండో రోజు సోమవారం. జవాబు లేకపోయేసరికి మార్నీ కోటు అందుకోబోయింది. చిన్న చెయ్యి ఒకటి వచ్చి ఆమె వేళ్లు తోసేసింది.

"నేనే," అంది ఓపల్, వినపడీ వినపడనట్టు. అని, తల్లి ఏం చేస్తుందోనని చూసింది.

మార్నీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "సరే తల్లీ. నువ్వే."

కోటు తిరగబడి పడింది, టోపీ నడుము కింద వేలాడింది. తీసి మళ్లీ పరిచింది. ఈసారి తన రెండు చేతులూ కోటు ఒకే చేతిలో దూర్చింది. గడియారం అయిదుంపావు దాటింది, అయిదున్నర దాటింది. మార్నీ కళ్లు గోడవైపు పోతున్నా మెడ తిప్పలేదు. అయిదోసారో ఆరోసారో, ఒక్క ఊపున కోటు తల మీదుగా వెళ్లి సరిగ్గా భుజాల మీద పడింది. లోపలినుంచి ఎర్రబడ్డ ముఖం బయటికొచ్చింది.

"నేనే!" అని ఇల్లు అదిరేలా అరిచింది ఓపల్. ఆ తర్వాత రెండు బూట్లూ తప్పుకాళ్లకి తొడుక్కుంది. తల్లి సరిచెయ్యలేదు.

మార్నీ లాండ్రీకి చేరేసరికి ఆరూ తొమ్మిది. సూపర్‌వైజర్ డ్వేన్ బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. చెడ్డవాడేం కాదు. అతనికి పైన ఇంకొకరున్నారు.

"అయిదో మార్కు, మార్నీ. కారణమేంటి?"

"మా అమ్మాయి కోటు తొడుక్కుందండీ."

"నువ్వే తొడగొచ్చుగా? ఒక్క నిమిషం పని."

"ఒక్క నిమిషం పనేనండీ. ఆ ఒక్క నిమిషం మిగుల్చుకోవడానికి నా కూతురి నోరు నేనే మూయించాను. ఇంక మూయించను. రాసుకోండి."

డ్వేన్ రాసుకున్నాడు. దుప్పట్లు మడతపెడుతున్న చేతులన్నీ ఆగాయి. ఆ మేజోడు సంగతి బల్ల దగ్గర అందరికీ తెలుసు. రెనే చేతిలోని దుప్పటి మెల్లగా కింద పెట్టింది.

"నా పెద్దవాడు పోయినేడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు," అంది ఎవరివంకా చూడకుండా. "రెండు రోజులు నాకు చెప్పలేదు. ఎంత ఓర్పురా నీకు అని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను నేను."

మధ్యాహ్నం భోజనాల వేళ రెనే ఒక కాగితం తెచ్చింది. పసిపిల్లల తల్లిదండ్రులకి పొద్దున పావుగంట వెసులుబాటు ఇమ్మని అందులో రాసి, మొదటి సంతకం తనే పెట్టింది. ఆమె పిల్లలకి ఇప్పుడు ఆ పావుగంటతో పనిలేదు. సాయంత్రానికి పదకొండు సంతకాలయ్యాయి. పైనుంచి జవాబు ఇంకా రాలేదు.

ఆ సాయంత్రం మార్నీ ఆర్లిస్ ఇంటికి వెళ్లేసరికి పిల్లలంతా వాకిట్లోనే ఉన్నారు, ముందు ఓపల్ ఉంది. బూట్లు ఇంకా తప్పుకాళ్లకే ఉన్నాయి. తల్లిని చూసి మంచులో తొట్రుపడుతూ పరుగెత్తుకొచ్చి, ఒక కాలు పైకెత్తింది.

"అమ్మా, నొప్పి!" అంది కోపంగా.

ఆ మాట విన్నాక ఆ తల్లి మంచులోనే మోకాళ్ల మీద కూర్చుని కూతుర్ని హత్తుకుని ఏడ్చింది, ఈసారి సంతోషం పట్టలేక. అమ్మలారా, అయ్యలారా, మాట వినే పిల్లలు కావాలని అందరం కోరుకుంటాం. కానీ ముందు పిల్లల మాట మనం వినాలి, ఎందుకంటే పసినోట "వద్దు" అనే మాటని మనం అణిచేస్తే, రేపు నిజంగా నొప్పి పుట్టిన రోజున ఆ నోరు మనల్ని పిలవదు.