స్టిక్కర్ కింద చప్పుడు

నా భర్త నతానియేల్ ఖాజాగూడ బండల దగ్గర సైకిల్ మీద నుంచి పడ్డాడు. మోచేయి దోక్కుపోయి ఇంటికొచ్చి చెప్పిన మొదటి మాట, సైకిల్‌కు చిన్న గీత కూడా పడలేదని. నా గుండె జారింది ఆ మాటకే.

అది కార్బన్ ఫైబర్ సైకిల్. నా ఉద్యోగమే ఆ సరుకుతో. గచ్చిబౌలిలో డ్రోన్లకు రెక్కలు చేసే కంపెనీలో, రెక్కను కోయకుండా, విరవకుండా లోపల దెబ్బ ఉందో లేదో నేను చెప్పాలి. ఇనుమైతే వంగో, నొక్కుపడో తన సంగతి తనే చెబుతుంది. ఇది చెప్పదు. పైకి నున్నగానే ఉండి లోపల పొరలు విడిపోతాయి. ఏదో ఒక రోజు పుటుక్కున విరుగుతుంది. ఆ రోజు ఈయన ఫ్లైఓవర్ దిగుతూ ఉంటే? వారమంతా నాకు అన్నం సయించలేదు. ఆయన మాత్రం రోజూ దాని మీదే ఆఫీసుకు వెళ్లొచ్చాడు. పైగా ఆదివారం పొద్దున్నే స్నేహితులతో ఔటర్ రింగ్ రోడ్డు దాకా వెళ్లి, చర్చి వేళకు వచ్చేస్తాడట.

శనివారం మధ్యాహ్నం బాల్కనీలో సైకిల్ నిలబెట్టి, రూపాయి బిళ్ళతో గొట్టం పొడవునా కొట్టుకుంటూ వచ్చాను. మా పనిలో అన్నిటికన్నా పాత పద్ధతి అది. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, పొరలు విడిచినచోట చప్పుడు చచ్చిపోతుంది. హ్యాండిల్ కింద, బైబిల్ వాక్యం స్టిక్కర్ ఉన్నచోట చచ్చిపోయింది.

స్టిక్కర్ మీద కొడితే అలాగే వినబడుతుందని నతానియేల్ కొట్టిపారేశాడు. నిజంగానే వినబడవచ్చు. అందుకే మా మేనేజర్ రంగనాథ్ సార్‌ను బతిమాలి ఆఫీసు నుంచి తెచ్చుకున్న చిన్న స్కానింగ్ మిషన్ తీశాను. కానీ స్టిక్కర్ కింద గాలి బుడగలుంటే దాని తరంగాలు లోపలికి పోవు. తీయాల్సిందే.

"అది మాత్రం ముట్టకు. నేను పడ్డంక అమ్మ పాస్టర్‌గారితోని ప్రార్థన చేయించి కొత్తది అతికించింది. తీస్తే బాధపడ్తది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అమ్మ బాధపడుతుందని ప్రాణం మీదికి తెచ్చుకునే మనిషిని ఏమనాలి? అయితే మా ఇంట్లో ఆ స్టిక్కర్ లేకుండా ఏ బండీ గేటు దాటదు, నా స్కూటీతో సహా. దాన్ని గోటితో గీకే కోడలిని కావాలని నాకు మాత్రం ఉంటుందా?

ఇంతలో అత్తయ్య ఎలిజబెత్ గారే వచ్చారు. మెదక్‌లో దవాఖాన నర్సుగా చేసి రిటైరైన మనిషి. నా చేతిలో జెల్ సీసా చూడగానే స్కానింగని ఆమెకు అర్థమైంది. ఎక్కడ చూడాలో భయపడుతూనే చెప్పాను.

ఆమె కొడుకు వైపు చూడలేదు. "గాడ గీత ఉండె బిడ్డా, వెంట్రుకంత. తుడుస్తుంటే కనబడ్డది. అందుకే గాడనే అతికించిన."

నతానియేల్‌కు ఆ సంగతి తెలియదు. ఆమె దాచాలనీ చేయలేదు. రోగి నుదుటి మీద చెయ్యి పెట్టినట్టు, దెబ్బ తగిలినచోట వాక్యం పెట్టారు.

స్టిక్కర్ ఆమే తీశారు, చిరగకుండా. నేను జెల్ పూసి మిషన్ ఆనించాను. లోపలి గోడ నుంచి తిరిగి రావాల్సిన గీత తెర మీద రాలేదు. నాలుగు వేళ్ల మేర రాలేదు. అంతమేరా లోపల పొరలు విడిపోయాయి.

ప్రతి మాటకూ ఎదురు చెప్పే మనిషి నేల మీద కూలబడ్డాడు. "నిన్న పొద్దుగాల ఖాజాగూడ దిగుడుల బ్రేకు గూడ పట్టలే నేను," అన్నాడు మెల్లగా. తిట్టాలని వారం నుంచి దాచుకున్న మాటలన్నీ పోయి నాకు ఏడుపొచ్చింది.

అత్తయ్య అరచేతిలో స్టిక్కర్ పట్టుకుని అలాగే నిలబడ్డారు. "నేను జేసింది తప్పయిందా బిడ్డా?"

"వారం రోజులు విరగకుండా ఆగింది కదా అత్తయ్యా," అన్నాను.

ఆమె కొంగుతో నా మిషన్ మూత తుడిచి, ఆ స్టిక్కర్‌ను దాని మీద అతికించి, బొటనవేలితో గట్టిగా ఒత్తారు. సోమవారం రంగనాథ్ సార్ చూసి ఏమంటారో తెలియదు. తీయమంటే మాత్రం నేను తీయను.